మాట కుదిరాకే అన్నం

పిడుగురాళ్లలో ఫిలోమినమ్మ ఇంటికి సుధీర్ అనే ఆయన వచ్చాడు. మన దేశపు మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆటగత్తెలను వెతికే పని ఆయనది. సెలవులకు వచ్చిన మనవరాలు పింకీ కోసమే ఆ రాక. పింకీ పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలో, అక్కడ మంచి గోల్‌కీపర్. మన జట్టులో ఆడాలంటే ఆ దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలట.

ఫిలోమినమ్మ ఆయనకు టీ ఇచ్చింది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది.

"అన్నం పెట్టవా అమ్మమ్మా?" అని పింకీ గుసగుసగా అడిగింది.

"పిల్లనడగడానికి వచ్చినోళ్లకి మాట కుదిరిందాకా టీనే. మనింట్లో అంతే."

"నేనేమన్నా పెళ్లికూతుర్నా?"

"పుట్టిన చోటు వదులుకొని రమ్మంటన్నాడుగా. ఇంకేంది మరి?" అని సుధీర్ వైపు తిరిగింది. "ఏం నాయనా, రేపు దీని మోకాలు ఇరిగితే ఉంచుకుంటారా, మూలన కూకోబెడతారా?"

సుధీర్ గ్లాసు కింద పెట్టాడు. "అబద్ధం చెప్పలేనమ్మా. వైద్యం చేయిస్తాం. ఆడలేకపోతే మాత్రం జట్టులో చోటుండదు. వదులుకున్న పాస్‌పోర్టు కూడా తేలిగ్గా తిరిగి రాదు."

వద్దనే మాట ఫిలోమినమ్మ నోటిదాకా వచ్చింది. కానీ తన పెళ్లప్పుడు తననెవరూ అడగలేదు. ఆ మాట మింగేసి, "విన్నావుగా. నీ ఇష్టమే" అంది.

పింకీ గడప వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, మూడు కంచాలు కడుక్కొని వచ్చింది.

ఫిలోమినమ్మ కొంగుతో కళ్లొత్తుకుని చాప పరిచింది.

"రా నాయనా. ముళ్లుంటయ్, చూసుకొని తిను."