గొంతులో నీళ్ళు రాయైన పొద్దు

నేను ఒక ఇత్తడి కుళాయిని. పుట్టింది అజ్జరం కొలిమిలో, పెరిగింది అనకాపల్లి ఎండలో. అక్కడ వేసవి మధ్యాహ్నం నన్ను ముట్టుకున్నవాడల్లా చెయ్యి విదిలించుకునేవాడు. ఒకసారి నా కింద పట్టిన బిందెడు నీళ్ళలో కందిపప్పు పొయ్యి లేకుండానే ఉడికిందంటే మీరు నమ్మరు. నమ్మొద్దు. నమ్మినవాళ్ళకి మాత్రం పప్పు చాలా బాగా కుదిరింది.

అలాంటి నన్ను సన్యాసినాయుడు గోడలోంచి పీకి, గోనెసంచిలో పడేసి, బస్సెక్కించి లంబసింగి పట్టుకుపోయాడు. అక్కడ టీకొట్టు పెట్టాడు. చలి చూడ్డానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. వచ్చి, రగ్గులు ముసుగేసుకుని, ఆ చలినే తిట్టుకుంటారు. మనుషుల సంగతి చూసి నేను నోరు తెరిచింది అదే మొదటిసారి.

కొట్టు వెనకే ఇల్లు. డాబా మీద నీళ్ళ ట్యాంకు. అక్కణ్ణుంచి ఇనపగొట్టం ఒకటి పెరటిగది గుమ్మం పక్కగా దిగి నా దగ్గరికొస్తుంది. నాయుడికి మంకీ టోపీ, మఫ్లరు, రెండేసి మేజోళ్ళు. గొట్టానికి మాత్రం ఒంటిమీద పీలిక లేదు.

నాయుడికో పట్టింపు ఉంది. కుళాయి కారితే ఆ ఇంట లక్ష్మి నిలవదని వాళ్ళమ్మ చెప్పిందట. చుక్క పడిందంటే ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచొచ్చి నన్ను బిగించేవాడు. ఆయన భార్య అచ్చియ్యమ్మ వేరే రకం. ఓ చలిరోజు వేళ్ళు కొంకర్లు పోయి ఆమె నన్ను సరిగ్గా కట్టలేకపోయింది. రాత్రంతా చుక్క చుక్కగా కారుతూనే ఉన్నాను, నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. మర్నాడు వీధిలో కుళాయిలన్నీ నీళ్ళు గడ్డకట్టి మొరాయిస్తే నేనొక్కణ్ణే ధారగా పోశాను. ఆమె అది పసిగట్టింది. అప్పట్నుంచి కావాలనే నన్ను రవ్వంత ఒదులుగా ఉంచేది. ఆయన చూడని రోజున నీళ్ళు. చూసిన రోజున ఎండెక్కేదాకా ఎదురుచూపులు.

ఇంతలో పురిటికొచ్చిన కూతురు నూకరత్నం ఆడపిల్లని కంది. తల్లీబిడ్డలకి ఆ పెరటిగదే ఇచ్చారు. పురిటిస్నానం రోజు రానే వచ్చింది. అత్తవారు పొద్దున్నే మొదటి బస్సుకి దిగుతారు. ఆ లోపల తల్లికీ బిడ్డకీ తలకి పోయాలి. లేకపోతే మైల వదలదు, అంత దూరం నుంచి వచ్చిన నాయనమ్మ మనవరాలిని ఎత్తుకోకుండానే కూర్చోవాలి.

ముందురోజు సాయంత్రం నాయుడు పట్టకారుతో వచ్చాడు.

"సాచ్చాత్తూ లచ్చిందేవే ఇంట్లో పుట్టినాది. ఇప్పుడు కూడా కుళాయి కారీమంతావేటే?"

"లచ్చిందేవికి రేపు తానం సెయ్యాలి మావా. దాన్నలా ఒగ్గీ," అంది అచ్చియ్యమ్మ.

"నీకేటీ తెల్దు, నువ్వూరుకో."

ఒక్క తిప్పు తిప్పాడు. నా మెడ కటకటలాడింది.

తెల్లారగట్ల నా గొంతులో ఏదో అడ్డం పడింది. కొలిమిలో పుట్టినవాణ్ణి, ఇత్తడి నీరు కావడం చూశాను గానీ నీరు నా గొంతులోనే రాయి కావడం నేనెరగను! ఆ రాయి ఊరుకుందా? ఒళ్ళు విరుచుకుంది, ఉబ్బింది. గది గుమ్మం పక్కన గొట్టం నిలువునా చీలింది. చీలికలో మంచే బిరడాలా బిగిసి ఉంది కనక చుక్క బయటికి రాలేదు, ఎవరికీ తెలియలేదు. నేను చెబుదామంటే నోటినిండా రాయి.

తెల్లారింది. అచ్చియ్యమ్మ నన్ను తిప్పింది. గాలి కూడా రాలేదు. ఆమె మొగుడి వంక చూసిన చూపుకి ఆ రాయి దానంతటదే కరగాల్సింది.

"సిటికిలో రప్పిత్తాను సూడు," అని నాయుడు ఎండుగడ్డి తెచ్చి నా కింద మంటేశాడు. గొట్టం పొడుగునా కాగడా పట్టాడు. నా వాషరు కమురుకంపు కొట్టింది. గుమ్మం దగ్గర మంచు బిరడా కరిగిందో లేదో, ట్యాంకు నీళ్ళు ఒక్క ఉరుకున గదిలోకి దూకాయి.

"అమ్మా! పిల్ల కిందుందే!" నూకరత్నం కేక.

బిడ్డ చాప మీద ఉంది. పక్కన నిప్పుల కుంపటి. నీళ్ళు తగిలి కుంపటి చుయ్యిమంది. గదంతా పొగ, ఆవిరి. ఎవరికి ఎవరూ కనబడలేదు. బిడ్డ ఏడుపు వినబడలేదు. నాయుడి చేతిలో కాగడా జారి నేల మీద పడింది.

అచ్చియ్యమ్మ ఆ పొగలోకి దూరింది. దగ్గుతూ బయటికొచ్చింది. చేతుల్లో తడిసిన గుడ్డలమూట. అందులో రెండు కళ్ళు, విప్పారి మమ్మల్నందర్నీ చూస్తున్నాయి. అంతలో పిల్ల తుమ్మింది. ఆపైన గుక్కపట్టింది చూడండి, ఆ ఏడుపుకి అల్లంత దూరాన చింతపల్లిలో చెట్ల మీద మంచు జలజలా రాలిందని నేనంటాను.

"సూత్తావేటి, ట్యాంకు కట్టీ!" అంది అచ్చియ్యమ్మ.

ట్యాంకు కట్టే వాల్వు ఎక్కడుందో నాయుడికి ఏనాడూ తెలియదు. డాబా ఎక్కి, నాలుగు కాళ్ళ మీద దేవులాడి, కట్టి, అడుగున మిగిలిన నీళ్ళు బకెట్లతో మోశాడు. పగిలిన గొట్టంలోంచి రాలిన మంచుముక్కల్ని కూడా చెరుకుముక్కల్లా ఏరి కాగులో పడేసింది అచ్చియ్యమ్మ. బస్సు హారను వినబడేసరికి తల్లీబిడ్డా సాంబ్రాణి పొగలో ఉన్నారు.

"ఇల్లంతా ఈ తడేటన్నయ్యా?" అంది బిడ్డనెత్తుకున్న వియ్యపురాలు.

"కల్లాపి సల్లించినాం సెల్లెమ్మా," అన్నాడు నాయుడు.

మధ్యాహ్నానికి కొత్త గొట్టం వచ్చింది. దానికి గోనెపట్టాలు చుట్టి, పైన కొబ్బరితాడు కట్టాడు. చుట్టాలు వెళ్ళిపోయారు. సందెవేళ అచ్చియ్యమ్మ దీపం వెలిగిస్తుంటే నాయుడు నా దగ్గరికొచ్చాడు. మళ్ళీ నా మెడకొచ్చిందనుకుని బిగుసుకుపోయాను. ఇంట్లోకి లక్ష్మి వచ్చే వేళ ఆయన నా చుక్కని ఒక్కనాడూ క్షమించలేదు మరి.

గదిలో బిడ్డ కదిలింది. నాయుడు చెవొగ్గి, అది మళ్ళీ నిద్రలోకి జారేదాకా ఆగాడు. పెళ్ళాం చూడ్డం లేదని రూఢి చేసుకున్నాడు. నన్ను మెల్లిగా ఒదులు చేశాడు. చుక్క పడేదాకా నిలబడ్డాడు. పడింది.

చాలదనుకున్నాడేమో, ఇంకో రవ్వ తిప్పాడు.