తోక దగ్గరి తలుపు

స్తెఫను శవం ఐస్ పెట్టెలో ఉంది. పెద్ద కొడుకు మొదటి పిడికెడు మన్ను వేయనిదే ఆ ఇంటివాళ్లు సమాధి పూడ్చరు. పెద్దవాడు థామస్ దుబాయిలో ఉన్నాడు. నారాయణఖేడ్‌లో తండ్రి పక్కన ఉన్నది చిన్నవాడు విక్టర్. హైదరాబాద్‌లో విమానాల మెకానిక్. వీధిలో ఎవరి బోరు మోటారు చెడినా, "మనోడు ఇమానాలే బాగుచేస్తడు" అని అతన్నే పిలుస్తారు. ఆ మాటకు ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు.

పొద్దున థామస్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, పదిరోజుల కింద పనికాడ పైకెల్లి పడ్డ. పక్కటెముక ఇరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుంది. ఛాతీల పైపేసి గాలి తీసిండ్రు. మొన్ననే పైపు పీకిండ్రు. అమ్మకు చెప్పకు. ఇమానంల గాలి తక్కువుంటదా?"

"ఇప్పుడు ఊపిరి మంచిగ ఆడుతుందా?"

"ఆడుతుంది."

"ఇగ పరేషాన్ ఏందన్నా? ఇంజన్లు లోపలికి గాలి కొడ్తనే ఉంటయ్. తోకకాడ వాల్వ్ ఉంటది, చిన్న తలుపు లెక్క. ఎక్కువైన గాలిని అది బయటికి ఇడుస్తది. ఇడువకుంటే ఇమానం పగుల్తది, మొత్తం ఇడిస్తే మనుషులు సస్తరు. అందుకే ఎనిమిదివేల అడుగుల గుట్టమీద ఉన్నంత గాలి లోపట ఉంచుతది. మనిషికి గంత సాలు. నా చేతులతోని బిగించే వాల్వన్నా. జల్దీ రా."

డాక్టర్ ఏమన్నాడని అడగలేదు. ఫోన్ పెట్టేసేసరికి, అవతల ఐస్ పెట్టె దగ్గర్నుంచి తల్లి రిబ్కమ్మ నోట్లో కొంగు కుక్కుకుని చూస్తోంది. "వస్తుండమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో విమానం దిగింది. థామస్ నడిచి రాలేదు. బయట ఎదురుచూస్తున్న విక్టర్‌ను విమానాశ్రయం లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

"ఛాతీలో ఇంకా కొంత గాలి చిక్కుకుని ఉండిపోయింది. పైకెళ్లాక చుట్టూ ఒత్తిడి తగ్గింది కదా, ఆ గాలి..." అన్నాడు డాక్టర్.

మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. విమానం పైకెళ్తే చిప్స్ ప్యాకెట్ ఎందుకు ఉబ్బుతుందో పనిలో కొత్తగా చేరినవాళ్లకు విక్టరే చెప్తాడు. అన్న ఛాతీలో గాలి కూడా అలాగే ఉబ్బి ఊపిరితిత్తిని నొక్కేస్తుందని మాత్రం ఆ మహా మేధావికి తట్టలేదు. అన్నను చేజేతులా చంపుకున్నానని అక్కడే తలబాదుకున్నాడు.

పరీక్షలు, కాగితాలు ముగిసి శవం ఊరు చేరేసరికి మరో రోజు గడిచింది. తండ్రి గుంత పక్కనే ఇంకో గుంత తవ్వారు. రిబ్కమ్మ కళ్లలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి.

"ఇమానం ఖరాబైందా బిడ్డా?" అని అడిగింది.

అవునంటే చాలు. తల్లి నమ్ముతుంది, ఊరంతా నమ్ముతుంది. విక్టర్ నోటిదాకా వచ్చింది ఆ మాట.

"లేదమ్మా. ఇమానం మంచిగనే ఉండె. వాల్వ్ గూడ మంచిగనే పనిచేసింది. అన్నకు పనికాడ ఛాతీల దెబ్బ తాకింది, రావొచ్చునా అని నన్నడిగిండు. నేనే రమ్మన్న."

పాస్టర్ ప్రార్థన ముగించి విక్టర్ వైపు తిరిగాడు. మిగిలిన ఒక్క కొడుకు విక్టర్ మన్ను కోసం వంగాడు. తల్లి అతని మణికట్టు పట్టుకుంది.

"నువ్వెయ్యకు" అంది.

రెండు గుంతల్లోనూ ఆమే వేసింది.