దొర కుర్చీ

నా మనవరాలు నవనీతకు ఆరేళ్లు. ఆ రోజు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మోచేయి తగిలి పాలగ్లాసు పడింది, హోంవర్కు పుస్తకం తడిసింది. లేచి నిలబడమన్నాను. చేతులు చాపమన్నాను. స్కేలుతో కొట్టాను. కోడలు రాగిణి ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల గోడ పక్కన అలాగే చేతులు చాపుకుని ఉంది. దించమని నేను చెప్పలేదు.

ఆ తరవాత నన్ను చూస్తే చాలు, పిల్ల చేతులు చాపేది.

కొడుకు ఉదయ్‌కుమార్ అరవలేదు. అశోక్ నగర్‌లో మనసుకు వైద్యం చేసే నర్మద మేడం దగ్గరికి తీసుకుపోయాడు. కింద పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం, పైన ఆమె గది. బెంచీ మీద అందరూ కోచింగ్ పిల్లలే.

"తాతా, మీరు ఏ గ్రూపుకు ప్రిపేర్ అయితున్నరు?" అని ఒక అమ్మాయి అడిగింది.

మూడో తరగతి అన్నాను. అందరూ నవ్వారు.

మేడం కొడుకును బయట కూర్చోబెట్టింది. చేతులు చాపించడం మీకెవరు నేర్పారని అడిగింది. ఆ మాట అంతవరకు నన్నెవరూ అడగలేదు. చెప్పడానికి రెండు వారాలు పట్టింది. చెప్పింది మాత్రం ఇంతే. మూడో తరగతి అయ్యాక మా నాయన నన్ను మా ఊరి పటేల్ విఠల్‌రావు దొర చిక్కడపల్లి ఇంట్లో పనికి పెట్టాడు. ఏదైనా ఒలికినా పగిలినా వాకిట్లో ఎండకు చేతులు చాపి నిలబడాలి. చేతులు జారితే బెత్తం. పదకొండేళ్లు చేశాను. ఆ ఇంటి జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. దొర పోయి ముప్పయ్యేళ్లు దాటింది.

మూడో వారం మేడం నా ఎదురుగా ఖాళీ కుర్చీ వేసింది. అందులో దొర ఉన్నాడనుకుని, అప్పుడు అనలేనిది ఇప్పుడు అనమంది.

నేను లేచి నిలబడ్డాను.

కూర్చోమంది. కాళ్లు వంగలేదు.

"పెద్దులు గారూ, అది ఉత్త కుర్చీ," అంది.

తెలుసు. తెలిసే నిలబడ్డాను. గంట అయ్యేదాకా అలాగే ఉన్నాను.

నాలుగో వారం, పోనీ దొర కుర్చీలో మీరే కూర్చుని ఆయనలాగా మాట్లాడండి అంది. నేను భుజం మీది తువ్వాలతో ముందు ఆ కుర్చీ తుడిచాను. దొర కూర్చునే ముందు అలా తుడవడం నా పని. తరవాత కూర్చున్నాను. నేను వదిలిన కుర్చీ ఎదురుగా కనిపించింది.

"లేచి నిలబడు రా. చేతులు చాపు. ఇంకా పైకి. మీ అయ్య సాకలేక నా ఇంట్ల పారేసిండు. నా తిండి తిని నా సామానే పలగ్గొడ్తవా? ఏడ్చినవంటే ఇంకో గంట."

అక్కడితో ఆగలేదు. రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడే మనిషిని కాను. ఆ కుర్చీలో పావుగంట మాట్లాడాను. గొంతు ఎక్కడా తడబడలేదు. చివరికి మేడమే చెయ్యెత్తి ఆపింది. నీళ్లిచ్చి, లోపల ఎలా ఉందని అడిగింది.

"మంచిగున్నది," అన్నాను.

అబద్ధం కాదు. ఛాతీ తేలికైంది. గ్లాసు కింద పెట్టాక తెలిసింది, ఆ మాటల్లో సగం నేను నవనీతతో అన్నవే.

మేడం కంగారు పడలేదు. దెబ్బలు తిన్నవాళ్ల లోపల కొట్టినవాడి గొంతు ఉండిపోతుందని, దాన్ని వినడం మొదలు మాత్రమేనని, నెలలు పడుతుందని చెప్పింది.

కొడుకు వేరేగా అనుకున్నాడు. సెలవులైపోయి సోమవారం బడులు తెరుస్తారు. నారాయణగూడ బడి నుంచి పిల్లను తెచ్చి పొద్దుగూకేదాకా చూడడానికి నేను కావాలి. నాలుగు వారాలు పోయాను కాబట్టి, మందుల కోర్సు లాగా ఇదీ పూర్తయిందనుకున్నాడు.

"పిల్లను నా దగ్గర ఇడువకు," అన్నాను.

"అలిగినవా నాయినా? ఒక్కసారి చెయ్యి లేచింది, అయిపోయింది. నన్ను కొట్టలేదా నువ్వు?"

నవ్వుతూనే అన్నాడు. వాణ్ని ఎన్నిసార్లు నిలబెట్టానో నాకు గుర్తు లేదు. వాడికి ఉందని ఆ నవ్వులో తెలిసింది.

"మామయ్య సాఫ్ చెప్తుంటే మీరెందుకు ఇంటలేరు?" అంది రాగిణి. నా వైపు చూడలేదు.

పిల్లను బడి దగ్గరే డే కేర్‌లో చేర్చారు. ఎందుకని పిల్ల అడిగితే తాతకు మోకాళ్ల నొప్పులని చెబుదామన్నాడు కొడుకు. సోమవారం పొద్దున ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, నవనీత దూరం నుంచే అడిగింది.

"తాతా, నేను ఇంట్ల ఉంటే మళ్ల కొడ్తవా?"

మోకాళ్ల మాట నోటిదాకా వచ్చింది.

"తెల్వదు బిడ్డా," అన్నాను. "అందుకే పంపుతున్నం."

సరే అంది. రెండో బూటు వాళ్లమ్మ దగ్గరికి పోయి వేసుకుంది.