పరదా వెనక చెల్లెలు

సిడ్నీలో నిర్జలకి ఒక మూల ఉంది. గది కాదు, మూల. రాక్‌డేల్ స్టేషన్ వెనక మూడో అంతస్తు ఫ్లాటులో, హాల్లో సోఫాకీ బాల్కనీ తలుపుకీ మధ్య ఒక పరుపు, దానికి అడ్డంగా ఒక పూల పరదా. నిలబడి బట్టలు మార్చుకుంటే తల పైకి కనబడుతుంది, అందుకని కూర్చునే మార్చుకోవాలి. ఖాట్మండులో కన్సల్టెన్సీ వాడు చూపించిన ఫొటోల్లో నీలం సముద్రం ఉంది గానీ, ఈ పరదా మాత్రం లేదు. అయినా నిర్జల కిక్కురుమనలేదు. అద్దెలు మండిపోతున్న ఊళ్ళో ఆ మాత్రం మూల దొరక్క, వారానికొక స్నేహితురాలి ఇంట్లో తలదాచుకునే పిల్లలు ఆమె క్లాసులోనే ఉన్నారు.

ఇప్పుడా మూలకే ఎసరొచ్చింది.

ఫ్లాటు టేకేంద్ర పేరు మీద ఉంది. అతనిది నేపాల్లో గుల్మీ జిల్లా, నిర్జల వాళ్ళ ఊరికి పక్క కొండ. ఇంట్లో అందరూ అతన్ని దాయ్ అనీ, అతని భార్య కౌశిలని భావుజు అనీ పిలుస్తారు. అన్నా వదినా అన్నమాట. చిన్న గదిలో ముగ్గురు కుర్రాళ్ళు, పెద్ద గదిలో మొగుడూ పెళ్ళాలు, హాల్లో నిర్జల.

"చెల్లీ, మరోలా అనుకోకు," అన్నాడు టేకేంద్ర ఒక ఆదివారం పొద్దున. "మీ భావుజు తమ్ముడు పై ఆదివారం దిగుతున్నాడు. వాడికి చోటు కావాలి. నువ్వింకెక్కడైనా చూసుకో."

"నా పరీక్షలు దగ్గర పడ్డాయి దాయ్. అవి అయ్యేదాకానైనా..."

"చూద్దాంలే," అన్నాడు, చూసేవాడి మొహం పెట్టకుండానే.

ఎక్కడ చూసుకుంటుంది? ఏ గది అడిగినా నెల అద్దె ముందే పొయ్యమంటారు. ఉన్నదంతా కాలేజీ ఫీజు మింగేసింది. నడిరోడ్డున పడి పరీక్ష తప్పితే మళ్ళీ ఫీజు కట్టాలి, కట్టలేకపోతే వీసా పోతుంది. తను పనిచేసే వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ పక్కలు మారుస్తూ కూడా ఆమెకి ఇదే ఆలోచన. పరీక్షలయ్యేదాకా ఆ మూల ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

అంతలో తిహార్, అంటే నేపాలీల దీపావళి, దగ్గర పడింది. వంటింట్లో బియ్యప్పిండి సేల్ రొట్టెలు వేయిస్తూ కౌశిల మాటల్లో మాటగా అంది. "మీ దాయ్‌కి తోడబుట్టినవాళ్ళంతా మగాళ్ళే. అన్నాచెల్లెళ్ళ పండుగ నాడు ఊరంతా నుదుటి మీద చెల్లెలు పెట్టిన ఏడు రంగుల బొట్టుతో తిరుగుతుంటే, ఈయన మొహం మాడ్చుకుని డబుల్ షిఫ్టు వేయించుకుంటాడు. ఆ రోజు పలకరించానా, నా పని అయిపోయినట్టే."

నిర్జల చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. సిడ్నీ నేపాలీల్లో చెల్లీ అని పిలవనివాడెవడు? ఆ పిలుపుకి దమ్మిడీ ఖర్చు లేదు. కానీ బొట్టు పెట్టించుకుంటే వేరు. బొట్టు పెట్టిన చెల్లెల్ని ఏ అన్న గెంటేస్తాడు?

ఆ సాయంత్రమే అడిగింది. "దాయ్, ఈసారి నేను పెడతాను మీకు బొట్టు. షిఫ్టు వేసుకోకండి."

టేకేంద్ర షూ లేసు విప్పుతూ విప్పుతూ ఆగిపోయి, "నిజంగానా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. మర్నాడు ఫ్యాక్టరీలో సెలవు పెట్టేశాడు.

చిన్న గది కుర్రాళ్ళలో ఒకడు బిబస్, ఊరుకుంటాడా? అతని నోటికి తాళం లేదు. "అబ్బో, గట్టి ప్లానే! మూల కోసం అన్నయ్యనే తయారు చేసుకున్నావే!"

"నోర్మూసుకో, వింటారు," అంది నిర్జల. సిగ్గేసింది. అయినా వెళ్ళి, నేపాలీ కొట్లో వాడిపోని ఊదారంగు పూల దండ, అక్రోటుకాయలు, రంగుల పొడులు కొనుక్కొచ్చింది. ఆ వారం బస్సు మానేసి నడిచింది.

పండుగనాడు హాల్లో సోఫా జరిపి టేకేంద్రని చాప మీద కూర్చోబెట్టారు. నిర్జల అతని చుట్టూ నూనె చుక్కలతో గీత గీసింది. యముడు దాటకూడని గీత అది. అన్నకి కీడు తొలగాలని గుమ్మం దగ్గర సుత్తితో అక్రోటుకాయ పగలగొడితే, ఎదుటి ఫ్లాటు గ్రీకు ముసలమ్మ తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసుకుంది. ఏడు రంగులూ ఒకదాని కింద ఒకటి నుదుట దిద్ది, దండ వేసి, నూరేళ్ళు బతకమని దీవించింది. వాళ్ళ ఆచారం ప్రకారం టేకేంద్ర ఆమె పాదాలకి తల ఆనించి దణ్ణం పెట్టాడు. లేచేసరికి కళ్ళ నిండా నీళ్ళు.

"మా అమ్మ చూసి ఉంటే బాగుండేది," అన్నాడు.

నిర్జలకీ ఏడుపొచ్చింది. దొంగ ఏడుపు కాదు. గెలిచానన్న సంతోషం కొంత, ఇంటి మీద బెంగ కొంత.

"ఉండు చెల్లీ. అన్న చేతి కానుక లేకుండా పండుగేమిటి?" అంటూ టేకేంద్ర గదిలోకెళ్ళి వచ్చాడు. నాలుగు చక్రాల పెద్ద సూట్‌కేసు, ఎర్రది, ఇంకా ప్లాస్టిక్ కూడా తియ్యలేదు.

"శనివారం సామాను మోసుకెళ్ళాలిగా. నా చెల్లెలు చిరుగుల సంచులు పట్టుకుని వెళ్తే నాకు పరువేనా?"

నిర్జలకి అర్థం కాలేదు. "శనివారమా? నేనూ... దాయ్, నేను ఉంటాననుకున్నాను."

"అసలైతే ఉంచుదామనే అనుకున్నాం," అన్నాడు టేకేంద్ర ఎంతో ప్రేమగా. "హాల్లో అవతలి మూల ఇంకొక పరదా కట్టి మా బావమరిదిని అక్కడ పడుకోబెట్టి, నీ పరీక్షలయ్యేదాకా ఎలాగో సర్దుకుందామని మీ భావుజు ఒప్పించింది కూడా. అద్దెకున్న పిల్లవి, ఎవరేమనుకుంటే నాకేం? కానీ నువ్వు బొట్టు పెడతానన్న రోజునే చెప్పేశాను కౌశిలకి. కుదరదు, ఇప్పుడది నా చెల్లెలు. పరాయి కుర్రాడు పడుకునే హాల్లో నా చెల్లెల్ని ఎలా పడుకోబెడతానే అన్నాను. అన్నానా లేదా, చెప్పు!"

కౌశిల తలెత్తలేదు. రొట్టెల పళ్ళెం అటునుంచి ఇటు, ఇటునుంచి అటు జరుపుతూ ఉంది. బిబస్ మెల్లగా చిన్న గదిలోకి జారుకున్నాడు.

అన్న ఇచ్చింది కాదనకూడదు. నిర్జల రెండు చేతులా సూట్‌కేసు అందుకుని నుదుటికి తాకించింది.

"చోటు ఎక్కడైనా దొరికిందా మరి?" అడిగాడు టేకేంద్ర, ఒక్కసారిగా దిగులుపడి. "దొరక్కపోతే చెప్పు, నాకు నిద్ర పట్టదు."

పండుగ పూట అన్నని బాధపెట్టడం చెల్లెలికి తగదు.

"దొరికింది దాయ్," అంది నిర్జల.

"నాకు తెలుసు, నువ్వు గట్టిదానివి," అని టేకేంద్ర తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంకొక రొట్టె తీసుకున్నాడు.