కుళాయి అర్జీల కట్ట

ఆమెను ఇంట్లో జడ్జిగారు అంటారు. చదివింది చరిత్ర, చేసేది పరిశోధన, అలవాటు మాత్రం తీర్పులివ్వడం. ఎదుటి మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపు ఎంత తెలివితక్కువవాడో తేల్చేసేది. అక్క దర్జీ పని చేస్తుంది కాబట్టి కుట్లు తప్ప ఏమీ తెలియదని ఒక తీర్పు. బావది రంగుల దుకాణం కాబట్టి బుర్రలో డబ్బాలు తప్ప ఏమీ లేవని ఇంకొకటి. ఇక ఆమె గైడు ప్రతి మాటా "క్లుప్తంగా చెప్పాలంటే" అని మొదలుపెట్టి గంటసేపు వదిలేవాడు కాదు. అందుకని విద్యార్థుల్లో ఆయనకు క్లుప్తం మాస్టారని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ఎవరో వేరే చెప్పాలా!

మాస్టారి విషయంలో మాత్రం ఆమె తీర్పులో తప్పు పట్టడానికి లేదు. ముందు ముగింపు రాసేసుకుని, దానికి సరిపడే కాగితాలు ఏరుకురమ్మని విద్యార్థులను పాత రికార్డుల ఆఫీసుకు తోలే రకం ఆయన. దొరక్కపోతే వెతికినవాళ్ళకు కళ్ళు లేవనేవాడు.

ఆమె ఫెలోషిప్ గడువు అయిపోవచ్చింది. కమిటీ ముందు ఒక మంచి అధ్యాయం చదివితే గడువు పెంచుతారు. లేదంటే బావ దుకాణంలో కూర్చుని బిల్లులు రాసుకోవడమే. ఆ కుర్చీని బావ అప్పుడే తుడిపించి పెట్టాడు కూడా. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది.

రికార్డుల ఆఫీసులో ఆమెకు దొరికిన కట్ట, ఎప్పుడో పాతకాలంలో వీధి కుళాయిల కోసం జనం మున్సిపల్ ఆఫీసుకు పెట్టుకున్న అర్జీలది. విప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది. పైనంతా మంజూరైన అర్జీలు, వకీళ్ళవి, డాక్టర్లవి, మేడలవాళ్ళవి. అడుగున కొట్టిపారేసినవి, బండ్లు లాగేవాళ్ళవి, ఇటుకలు మోసేవాళ్ళవి. పాత కట్టలో వరుస చెదరగొట్టకూడదని పరిశోధకులకు మొదటి పాఠంగా చెబుతారు. ఏ కాగితం దేని మీద ఉందో చూస్తే, పేర్చిన మనిషి పని ఎలా చేశాడో తెలిసిపోతుంది. ఈ కట్ట పేర్చిన గుమాస్తాను ఆమె వరుసలోనే పట్టేసింది. ఇక కలం ఆగలేదు.

"ఇతడు అర్జీ చదవడు, అర్జీదారు కాళ్ళకున్న చెప్పులు చూస్తాడు," అని రాసింది. "పెద్దవాళ్ళ కాగితాలు చేతికందేలా పెట్టుకుని, పేదవాళ్ళ దాహాన్ని అడుగున తొక్కిపెడతాడు. ఇతడికి న్యాయం పట్టదు. తన సౌకర్యమే కావాలి." ఇలా గుమాస్తాను పేజీల కొద్దీ ఉతికి ఆరేసింది.

అన్నాలు తినేటప్పుడు అందులో కొంత చదివి వినిపిస్తే అక్క చెయ్యి ఆపింది.

"ఆ గుమాస్తా నీకేం చేశాడే? బతికున్నవాళ్ళం చాలక చచ్చినవాళ్ళ మీద కూడా పడ్డావు!"

"నీకు అర్థం కాదులే అక్కా."

"కాకపోతే పోనీ. పాపం, నువ్వు ఇన్ని మాటలంటుంటే అడ్డు చెప్పడానికి అతను లేడు కదా."

కుట్టుపని చేసే మనిషికి సాక్ష్యాల సంగతేం తెలుసని ఆమె నవ్వుకుంది.

తెల్లారి క్లుప్తం మాస్టారు కొత్త విద్యార్థులను వెంటేసుకుని రికార్డుల ఆఫీసుకు వచ్చాడు. ఆమె వెళ్ళేసరికి ఆ కట్టే ఆయన ముందుంది. అర్జీలన్నీ విడదీసి, తేదీల వరుసలో పేర్చి, పరిశోధన అంటే ఇలా ఉండాలని పిల్లలకు చెబుతున్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎంత పని చేశారు సార్! నా అధ్యాయమంతా ఆ వరుస మీదే ఉంది!"

"పాత వరుస నువ్వన్నట్టే ఉందనడానికి ఆధారం ఏదమ్మా?"

"నేను రాసుకున్నాను కదా సార్."

"నువ్వు రాసుకుంటే అది నీ మాట. ఆధారం కాదు."

కొత్త పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయనకు ఆధారంతోనే గడ్డి పెట్టాలని ఆమె కట్ట ముందు కూర్చుంది. మున్సిపల్ ఆఫీసులో ప్రతి అర్జీకీ మూలన ఇనుప పిన్ను గుచ్చేవాళ్ళు. రికార్డుల ఆఫీసుకు చేరినప్పుడే ఆ పిన్నులు తీసేశారు. కానీ అప్పటికే అవి తుప్పుపట్టి, పైనున్న అర్జీ వెనక మచ్చ వదిలాయి. పిన్ను గుచ్చిన చోటుకు మచ్చను జత చేసుకుంటూ పోతే, గుమాస్తా దగ్గర ఏది దేని మీద ఉండేదో తేలుతుంది.

ఆమె జత చేసుకుంటూ పోయింది. వకీలు అర్జీ వెనక మచ్చ బండి లాగేవాడి పిన్నుది. బండి లాగేవాడి అర్జీ వెనక మచ్చ డాక్టరు పిన్నుది. నమ్మలేక మళ్ళీ మొదటినుంచి చూసింది. గుమాస్తా ఎవరి చెప్పులూ చూడలేదు. వచ్చిన అర్జీని వచ్చిన రోజున, దాని చోట దాన్ని పెట్టాడు. అచ్చం ఇప్పుడు మాస్టారు పేర్చినట్టే.

మరి ఆ పాత వరుస ఎవరిది? మర్నాడు ఆమె మాస్టారి గదికి వెళ్ళింది. తన ఫొటోలే గోడనిండా తగిలించుకున్న గది అది.

"ఈ కట్ట ఇదివరకెప్పుడైనా చూశారా సార్?"

"చూడకపోవడమేమిటి! నా థీసిస్‌ దీని మీదేగా! అప్పుడు నాకు మంజూరైనవే కావాలి. అస్తమానం వెతుక్కోలేక అవన్నీ తీసి పైన పెట్టుకున్నాను. మిగతా చెత్త అడుక్కి నెట్టేశాను."

"మళ్ళీ సర్దలేదా సార్?"

"ఎవరికి ఓపిక? నిన్న సర్దాను కదా!"

తానేం చెప్పాడో ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఒక బద్ధకస్తుడి సౌకర్యాన్ని పట్టుకుని, పని సక్రమంగా చేసిన మనిషిని నానా మాటలూ అంది. మచ్చల సంగతి ఆమె తప్ప ఎవరూ చూడలేదు. నోరు మూసుకుని అధ్యాయాన్ని రాసింది రాసినట్టు చదివితే గడువు పెరుగుతుంది. బావ తుడిపించి పెట్టిన ఆ కుర్చీ రాత్రంతా కళ్ళముందే ఉంది.

కమిటీ ముందు ఆమె అధ్యాయం ఒక్క ముక్క మార్చకుండా చదివింది. చెప్పులు చూసే గుమాస్తా దగ్గర పెద్దలు నవ్వారు. సౌకర్యం అన్న మాట దగ్గర క్లుప్తం మాస్టారు బల్ల చరిచి మరీ మెచ్చుకున్నాడు. "ఇలాంటి వెధవల వల్లే చరిత్ర పాడైంది" అని పక్కాయనతో అన్నాడు కూడా.

అప్పుడామె కొత్తగా రాసిన చివరి పేజీ తీసింది. తుప్పు మచ్చలు ఏం చెప్పాయో చదివింది. ఈ వరుస గుమాస్తాది కాదని, తన గైడుగారు థీసిస్‌ కోసం పేర్చుకున్నదని, దాన్ని నమ్మి ఒక మంచి పనివాణ్ణి తిట్టింది తానని చదివింది. బల్ల చరిచిన మాస్టారి చెయ్యి మెల్లగా ఒళ్ళోకి జారిపోయింది.

కమిటీ పెద్ద గడువు కాగితం మీద సంతకం చేయకుండానే పెన్నుకు మూత పెట్టాడు.

"అంటే గుమాస్తా ఏ తప్పూ చేయలేదంటావు. మరి ఈ అధ్యాయంలో మిగిలిందెవరమ్మా?"

"గుమాస్తాగారు నిర్దోషిగా బయటికి వెళ్ళిపోయారండీ," అందామె. "ఇక మా గైడుగారూ నేనూ, మేమిద్దరమే మిగిలాం."