ముందుంటే మెప్పు, వెనకుంటే తప్పు

మా బట్టల ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరుకి ఇంగ్లీషు వచ్చు. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనివ్వడు. కుట్టు మిషన్ల హాల్లోకి అడుగు పెడితే చాలు, ఫోన్లో అవతల ఎవరూ లేకపోయినా ఇంగ్లీషు దంచేవాడు. చాటున మేమంతా ఆయన్ని గ్రామర్ సార్ అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని చిటికె వేసి పిలిచేవాడు. నాకు మాత్రం ఒక పేరు పెట్టాడు, టెన్త్ ఫెయిల్ అని. నేను తప్పింది లెక్కల్లో. కుట్టిన చొక్కాల్లో లోపాలు వెతికే బల్ల దగ్గర నా పని. ఆయనలో నాకవి చేటెడు కనిపించేవి.

శనివారం భోజనాల గంటలో అరగంట కోసేసి ఆయన ఇంగ్లీషు క్లాసు పెట్టేవాడు. బయటి దేశాల కొనుగోలుదారులు వచ్చినప్పుడు మేము వెర్రిమొహాలు వేసుకుని నిలబడితే ఆయనకి నామోషీ అట. ఒక వారం రెస్పాన్సిబుల్ అనే మాట తీసుకుని, బోర్డు మీద రెండు వాక్యాలు రాశాడు.

"హీ ఈజ్ ఎ రెస్పాన్సిబుల్ మ్యాన్. అంటే బాధ్యత తెలిసిన పెద్దమనిషి అని. హీ ఈజ్ ద మ్యాన్ రెస్పాన్సిబుల్. అంటే చేసింది వీడే, పట్టుకోండి అని. మాట అదే, చోటు మారింది. ముందుంటే మెప్పు, వెనకుంటే తప్పు. ఎక్కిందా? ఎక్కదులే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

నన్ను లేపి సొంత వాక్యం చెప్పమన్నాడు. "ఐ యామ్ ఎ రెస్పాన్సిబుల్ చెకర్" అన్నాను.

వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ముక్కుతో నవ్వి, "నీకంత పెద్ద మాట బరువు. స్మాల్ అనుకో, చాలు" అన్నాడు. ముందు వరసవాళ్ళు నవ్వారు, నవ్వకపోతే తమ వంతు వస్తుందని.

ఇస్త్రీ విభాగంలో మా మామయ్య పని. మా అమ్మ తమ్ముడు. ఇరవై మూడేళ్ళుగా ఆవిరి ఇస్త్రీపెట్టె తోస్తున్నా ఏనాడూ గొంతెత్తని మనిషి. పెట్టెకి ఆవిరి తెచ్చే గొట్టం పగిలిందని రిపేర్ల పుస్తకంలో మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ దాని కింద గ్రామర్ సార్ పొడి సంతకం గిలికి, "టేపు చుట్టుకో" అన్నాడు. ఒక మంగళవారం పొద్దున్నే ఆ గొట్టం పేలింది. మామయ్య కుడిచెయ్యి వేళ్ళ నుంచి మోచేతి దాకా కాలిపోయింది. మందుల పెట్టెకి తాళం వేసి ఉంది. తాళంచెవి గ్రామర్ సార్ జేబులో ఉంది. గ్రామర్ సార్ క్షవరానికి వెళ్ళి ఉన్నాడు.

నాలుగో రోజు ఆయన మామయ్య ఇంటికి వచ్చాడు. ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక టైపు చేసిన కాగితం, ఒక సిరా పెట్టె తెచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ చేతిరుమాలుతో తుడిచి మరీ కూర్చున్నాడు. నేను అప్పుడు గిన్నెలు కడుగుతున్నాను.

"ఎలా ఉన్నారు?" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో మామయ్యని మీరు అనడం అదే మొదటిసారి. మామయ్య మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు.

"మీ గురించి పైవాళ్ళకి రాశాను. రెస్పాన్సిబుల్ అని రాశాను. అంటే బాధ్యత గల మనిషి అని. ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

"సంతకం వచ్చండీ నాకు" అన్నాడు మామయ్య.

"చెయ్యి అలా ఉంది కదా, ఎడమ బొటనవేలు చాలు."

మామయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "విన్నావా అమ్మాయ్! సార్ నా గురించి ఏమని రాశారో!"

తడి చేతులు చీరకి తుడుచుకుని వచ్చి కాగితం తీసుకున్నాను. చివరి వాక్యం దగ్గర ఆగాను. ఐ యామ్ ద పర్సన్ రెస్పాన్సిబుల్.

"మామయ్యా, వెయ్యకు. గొట్టం పేలడం నీ తప్పేనని ఉంది ఇందులో."

"నీ మొహం. నీకేం తెలుసు?" అన్నాడు గ్రామర్ సార్.

"మీరు చెప్పిందే తెలుసు సార్. ఆ మాట మనిషికి వెనక ఉంది. వెనకుంటే తప్పు."

మేము ఆయన దగ్గర ఏదైనా నేర్చుకుంటామని ఆయన కలలో కూడా అనుకోలేదు. కాగితం లాక్కోబోయాడు. నేను జాకెట్టులో దోపుకున్నాను. సిరా పెట్టె కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ వెంటనే మామయ్య నా మీద కోప్పడ్డాడు. "నువ్వు సరిగ్గా చదవలేదేమో" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. చెయ్యి మంట కంటే ఆ మాట అబద్ధమైనందుకే ఆయన ఎక్కువ బాధపడ్డాడు. గ్రామర్ సార్ మీద నాకున్న చులకన ఆ పూటే అసహ్యమైంది.

మర్నాడు ఆ కాగితాన్నీ, రిపేర్ల పుస్తకాన్నీ, జరిగినదాని గురించి ఇంగ్లీషులో నేను రాసిన నాలుగు వాక్యాలనీ ఫ్యాక్టరీ యజమానురాలి బల్ల మీద పెట్టాను. ఆవిడ గ్రామర్ సార్‌ని పిలిపించింది.

"దీని స్పెల్లింగులు చూడండి మేడమ్! నాలుగు వాక్యాల్లో మూడు తప్పులు" అన్నాడాయన.

"స్పెల్లింగు సరే. ఈ మూడు సంతకాలు ఎవరివి?" అంది ఆవిడ.

"వర్కింగ్ ప్రెషర్ మేడమ్" అని ఏదో నసిగాడు. ఆవిడకి మా మీద జాలి కలిగిందని నేను అనుకోను. కొనుగోలుదారులు వచ్చే నెలలో వస్తున్నారు, పరువు పోతుందని భయపడింది. ఏమైతేనేం, గొట్టాలన్నీ మార్పించింది. ఆసుపత్రి ఖర్చు ఇచ్చింది, మామయ్య ఇంట్లో ఉన్న రెండు నెలలకీ జీతం ఇచ్చింది. గ్రామర్ సార్‌ని ఉద్యోగం లోంచి తీసెయ్యలేదు. గోడౌన్ పక్క గదిలో కూర్చోబెట్టి ఉత్తరాలు రాసుకోమంది. శనివారం క్లాసు ఆగిపోయింది.

మామయ్య కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. చొక్కాలకి చీటీలు కట్టే బల్ల దగ్గరికి మార్చారు. మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజు గ్రామర్ సార్ అటుగా వెళ్తూ ఆగి, నలుగురూ వినేలా, "ఏమండీ, బాగున్నారా?" అన్నాడు.

మామయ్య తల ఎత్తలేదు. పళ్ళతో దారం కొరికి, ఆ పోగుని ఆయన బూట్ల వైపు ఉమ్మి, ఇంకో చీటీ అందుకున్నాడు.