మాటల్లేని డబుల్స్

మా వసుధక్కతో నాకు మాటల్లేక రెండేళ్లయింది. ఆమె నా తోడికోడలు. బోరు నీళ్ల దగ్గర మా ఆయన మునిరాజ, మా బావ నారాయణప్ప కొట్టుకుంటే, నోళ్లు మూసుకోవలసింది మేమిద్దరమట! పుంగనూరులో ఒకే గోడకు అటూ ఇటూ కాపురం, మదనపల్లెలో ఒకే బడిలో పంతులమ్మ ఉద్యోగం. ఎదురుపడితే తల పక్కకు తిప్పుకోవడం. ఛీ, ఏం బతుకో!

అలాంటిది, కుప్పంలో టీచర్ల పికిల్‌బాల్ (టెన్నిస్‌లాగే, చెక్క బ్యాటుతో ఆడేది) పోటీకని జోడీల చీటీలు వేస్తే నాకు ఆమే వచ్చింది. మా పీఈటీ కుమారి మేడమ్ గొడ్లు మేపే ఇంటి పిల్ల. ఎనుమును కట్టే పలుపు తెచ్చి ఒక కొస నా నడుముకు, ఇంకో కొస వసుధక్క నడుముకు కట్టింది.

"ఒకరు జరిగితే రెండోవాళ్లూ జరగాల. నడిమికొచ్చిన ప్రతి బాలుకీ 'నాది' అనో 'నీది' అనో అరవాల. అరవలేదా, ఈ పలుపుతోనే గ్రౌండు సుట్టూ మూడు రౌండ్లు!"

మొదటి రోజు ఇద్దరమూ నోరు మెదపలేదు. పదిహేను రౌండ్లు పరుగెత్తాం. వరండాలో పిల్లలు పడీపడీ నవ్వారు. మూడో రోజు వసుధక్క ఆయాసంతో నిలబడిపోయింది.

"నా మోకాళ్లు పోతాండాయి నవనీతా! వాళ్ల పంతానికి మనం యాల పరుగెత్తాల?"

రెండేళ్లకు అదే తొలిమాట. నాకు ఏడుపొచ్చేసింది. ఆ తర్వాత బాలు నడిమికొస్తే చాలు, ఇద్దరమూ గొంతు చించుకున్నాం.

సంగతి ఇంటికి చేరింది. మా ఆయన అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "ఆడుకో, నేను వద్దనలే. ఆయమ్మతో మాట మాత్రం వద్దు. మా అన్న కూడా ఆయమ్మకు అదే సెప్పినాడంట."

అన్నదమ్ములు ఏకమైంది ఈ ఒక్కదానికే!

కుప్పంలో సెమీఫైనల్ రోజు ఇద్దరూ వచ్చి కోర్టుకు చెరో మూల కాపలా కూర్చున్నారు. మాకు నోరు పెగల్లేదు. నడిమికొచ్చిన బాళ్లను ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ వదిలేశాం. తొమ్మిది-మూడు, అవతలి జోడీయే ముందు. ఇంకో బాలు వస్తుండగా మా ఆయన మీసం దువ్వుతూ కనబడ్డాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, నీది! కొట్టు!" అని అరిచాను.

కొట్టింది చూడండి! "సెబాస్ నవనీతా, ముందుకు రా!" అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. తొమ్మిది దాకా లాక్కొచ్చాం. పదకొండు-తొమ్మిదితో ఓడాం.

గేటు దగ్గర మా ఆయన బైకు అడ్డం పెట్టాడు.

"యాల మాట్లాడినావు?"

"ఇంకా మాట్లాడతా. మీ బోరు సంగతి మీరే తేల్చుకోండి."

"బండెక్కు."

"ఎక్కను, పో!"

బావ పిలుస్తున్నా వినకుండా వసుధక్క బస్సెక్కింది. వెనకాలే నేనూ ఎక్కాను. పలమనేరు దాటాక, గొంతు తగ్గించి చెప్పింది. పోయిన వేసవిలో రొమ్ములో గడ్డ తగిలిందట. ఒక్కతే తిరుపతి పోయి చూపించుకుందట. భయపడాల్సిందేమీ లేదన్నారట. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు, గోడకివతల నేనుండగా, ఎవరితోనూ చెప్పుకోలేక ఏడ్చిందట.

పుంగనూరులో దిగి, బైకుల మీద ముందే చేరిన అన్నదమ్ములిద్దరూ చూస్తుండగానే, నేను నేరుగా వసుధక్క ఇంట్లోకి నడిచాను.